‘ఎనర్వేట్’ అంటే శక్తినివ్వడమా, లాగేయడమా?

టెక్కలి: మాస్టారూ, ఇంగ్లీషులో ‘ఎనర్వేట్’ (enervate) అంటే ఎనర్జీ ఇవ్వడమేనా? నిఘంటువులో చూస్తే ‘నిర్వీర్యం చేయు’ అని ఉంది. ఏది ఖాయం?

రాజాం: నిఘంటువే ఖాయం బాబూ. ఈ రెండు మాటలూ చుట్టాలు కావు. ‘ఎనర్జీ’ గ్రీకులో పని అనే అర్థమున్న ‘ఎర్గాన్’ నుంచి వచ్చింది. ‘ఎనర్వేట్’ లాటిన్‌ది. దాని ముందున్నది ‘ఎన్’ కాదు, ‘ఎ’. అంటే బయటికి. తర్వాతది ‘నెర్వస్’, అంటే స్నాయువు. కండని ఎముకకి కట్టి ఉంచే ఆ నరాన్ని లాగేస్తే ఒళ్లు ఏమవుతుందో అదే దీని అర్థం. మనవాళ్లూ స్నాయువుని నరమనే అంటారు కాబట్టి తెలుగువాళ్లకి ఇది తొందరగా పట్టుబడాలి. పలికేటప్పుడు ఊనిక మొదటి ‘ఎ’ మీద.

బొబ్బిలి: ‘నిర్వీర్యం’ తప్పు కాదు గానీ, దాన్నే పట్టుకుంటే వాక్యం చెడుతుంది మాస్టారూ. పేపర్లో ‘బాంబును నిర్వీర్యం చేశారు’ అని చదివిన పిల్లలు ‘ద పోలీస్ ఎనర్వేటెడ్ ద బాంబ్’ అని రాసేస్తారు. అక్కడ కావలసింది ‘డిఫ్యూజ్డ్’ (defused). ‘ఒంట్లో సత్తువ లాగేయడం’ అని రాసుకోండి. ‘ఒంట్లో’ అన్న ముక్కే కాపు కాస్తుంది, బాంబుకి ఒళ్లు లేదు కదా. గిడుగు వారు పుట్టిన పర్వతాలపేట మన శ్రీముఖలింగం దగ్గరిదే. వాడుక మాటలో అర్థం రాసుకోడానికి మనకి మొహమాటమెందుకు?

టెక్కలి: మరి ‘ఎగ్జాస్ట్’కీ దీనికీ తేడా ఏటి?

రాజాం: వరిమోపులు మోసినవాడి అలసట ‘ఎగ్జాస్ట్’. ‘ఎనర్వేట్’కి పని చెయ్యక్కర్లేదు. మే నెలలో కళింగపట్నం చూడు. గాలి ఆడదు, చెమట ఆరదు, మంచం మీదున్న మనిషికి విసనకర్ర ఊపే ఓపికైనా ఉండదు. అది ‘ఎనర్వేటింగ్ హీట్’. ఎండ, ఉక్క, జ్వరం, సోమరితనం, వీటి వెంటే ఈ మాట ఎక్కువగా నడుస్తుంది.

బొబ్బిలి: ఇలాంటి మాటలు గుర్తుండడానికి చీటీ రాసేటప్పుడు ముందువైపు మాట పెట్టకండి, ఖాళీ ఉన్న వాక్యం పెట్టండి: ‘ద హ్యూమిడ్ హీట్ ఎ...... హిమ్’. వెనక పూర్తి మాట, తెలుగు అర్థం. మర్నాడు, నాలుగో రోజు, పదో రోజు చూడకుండా చెప్పాలి. తప్పితే ఆ చీటీ మళ్లీ మర్నాటి కట్టలోకే. రోజుకి ఐదు చాలు. దీనికి వ్యతిరేకం ‘ఇన్‌విగరేట్’ని మాత్రం అదే రోజు ఎత్తుకోకండి. మొదటిది కుదురుకోకముందే రెండోది వస్తే రెండూ తారుమారవుతాయి. వారం ఎడం ఇవ్వండి.

టెక్కలి: ‘ద ఫీవర్ ఎనర్వేటెడ్ హర్’. సరేనా?

రాజాం: సరే. ‘షి వాజ్ ఎనర్వేటెడ్ బై ద ఫీవర్’ అని కూడా రాసి చూడు, చదివేటప్పుడు ఈ రూపమూ తరచు ఎదురవుతుంది.