వాష్ బేసిన్: టేబుల్ టాపా, గోడకు బిగించేదా?

పాత బేసిన్ తీసేసి కొత్తది పెట్టాలి. వెడల్పు 60 సెం.మీ. ఉంది గానీ, తలుపు తెరుచుకోవడానికి పోగా ముందుకు 42 మాత్రమే మిగులుతుంది. 32 మి.మీ. డ్రెయిన్ పైపు నేల నుంచి 52 సెం.మీ. ఎత్తులో గోడలోంచి బయటికొస్తుంది.

టేబుల్ టాప్, అంటే రాతి పలక మీద కూర్చోబెట్టే గిన్నె, చూడ్డానికి బాగుంది. కానీ గిన్నె ఎత్తే 14 సెం.మీ. అంచు 85 దగ్గర ఉండాలంటే రాయి పైభాగం 71కి దిగాలి, రాయి మందం 2 తీస్తే 69. అక్కడి నుంచి 52 దగ్గరి పైపు దాకా మిగిలిన 17 సెం.మీ.లో వేస్ట్ కప్లింగ్ (గిన్నె అడుగు రంధ్రంలో బిగించే గొట్టం), బాటిల్ ట్రాప్ (వాసన రాకుండా కాసిని నీళ్లు నిలిపే సీసా లాంటి భాగం) రెండూ పడతాయా? ట్రాప్ మూతి పైపు కంటే కిందికి దిగితే నీళ్లు సరిగా పోవు కదా.

పైగా ఆ గిన్నెకు ఓవర్‌ఫ్లో రంధ్రం (నిండితే నీళ్లు పోయే పై రంధ్రం) లేదు. అంటే స్లాట్లు (పక్కన చీలికలు) లేని కప్లింగే వేయాలి, స్లాట్లున్నది వేస్తే కప్లింగ్ థ్రెడ్ల దగ్గర కారుతుంది. ఇంతవరకు సరేనా?

గోడకు బిగించేదైతే ఈ ఎత్తుల లెక్క తేలిక. చిక్కల్లా గోడే, బోలు ఇటుకలది. మామూలు స్క్రూ ప్లగ్గులు ఊడొస్తాయి. జాలీ గొట్టంతో కెమికల్ యాంకర్ (రంధ్రంలో గట్టిపడే జిగురు నింపి బోల్టు నిలబెట్టడం) సరిపోతుందా, కింద బ్రాకెట్లు కూడా కావాలా?