లినోనా, చెక్కా? బడి పిల్లలకు బ్లాక్ ప్రింట్ దేనితో మొదలుపెట్టాలి

టవర్‌క్లాక్ డ్రాయింగ్‌సార్, అనంతపురం

బళ్లో డ్రాయింగ్ చెప్తాను. ఈ ఏడు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు బ్లాక్ ప్రింట్ నేర్పుదామని ఉంది. చెక్కడం, సిరా పట్టించడం, కాగితం మీద ఒత్తడం అంతా వాళ్ల చేతులతోనే. మెషిన్ ఏమీ లేదు. లినో షీటు, అంటే చెక్కడానికి వాడే మెత్తటి లినోలియం పలక, కావాలంటే బెంగుళూరు నుంచో ఆన్‌లైన్లోనో తెప్పించుకోవాలి. చెక్కయితే ఏ వడ్రంగిని అడిగినా ఇస్తాడు. నాకు లినో వైపే మొగ్గు. స్టాఫ్‌రూంలో ఒకాయన మాత్రం "లినో అంటే గచ్చు మీద పరిచే సరుకు, కళ నేర్పాలంటే చెక్కే" అని తేల్చేశాడు. ఇక్కడ చేతికి సిరా అంటినవాళ్లున్నారని అడుగుతున్నా. కారణంతో చెప్పండి. వీడియో లింకులు వద్దు, చూసీ చూసీ విసుగొచ్చింది.

బురుజు వడ్ల, కర్నూలు

మీ స్టాఫ్‌రూం సార్ చెప్పిందే నిజం సార్. మా ఇంట్లో తాతల నాటి నుంచి ద్వారబంధాలు చెక్కుతా ఉండాం, ఆ అనుభవంతో చెప్తా ఉండా. లినో మెత్తన. యాడికి తోస్తే ఆడికి పోతాది ఉలి. పిల్లోనికి అది సంబరమే కానీ చేతికి పని రాదు. చెక్కయితే నార ఎటు పోతాందో చూసుకుని దిగల్ల. నారకు ఎదురు పోతే పెచ్చు లేస్తాది. అందుకే ముందు కత్తితో గీతకు రెండు పక్కలా గాటు పెట్టుకోవల్ల, ఆ తర్వాతే గాడి ఉలితో మిగతాదంతా ఎత్తేసేది. ఆ గాటు కూడా గీత నుంచి బయటికి వాలుగా పోవల్ల. లోపలికి వాల్చి కోస్తే గీతకు అడుగు బలం ఉండదు, నాలుగు అచ్చులు తీసేసరికి విరిగి చేతికొస్తాది. ఇదంతా లినో ఎప్పుడు నేర్పల్ల?

ఏ చెక్క అంటారా, టేకు వద్దు. దాంట్లో సిలికా ఉంటాది, ఉలి మొన తొందరగా మొద్దుబారుతాది. మామిడి పలక తీసుకోండి, చవక. చిత్రిక పట్టించి, సన్న గరుకు కాగితంతో రుద్దితే చాలు. జపానోళ్ల ఆ పెద్ద అల బొమ్మ, హొకుసాయిది, 1830ల నాటిది, చెక్క మీద చెక్కి అచ్చేసిందే. ఇంక లినో మాటెందుకు?

పాత ట్రెడిల్, కడప

కర్నూలు అబ్బాయి ఉలి గురించి చెప్పినదాంట్లో వంక లేదు. వాలు గాటు మాట బంగారం, లినోకీ అదే వర్తిస్తుంది. కానీ బడి పిల్లోడు మొదట చెక్కేదేమిటో ఎవరూ అడగలేదు. పేరు. ఎవడికి పలక ఇచ్చినా ముందు తన పేరే చెక్కుతాడు, తర్వాత ఊరి పేరు. అదీ తెలుగులో.

మన అక్షరాల్లో నిలువు గీతలు తక్కువ, గుండ్రాలే ఎక్కువ. చెక్క మీద గుండ్రం చుట్టూ కత్తి తిప్పితే సగం దూరం నార వెంబడి పోతుంది, సగం దూరం ఎదురు పోతుంది. ఎదురు పోయినచోట లోపలి అంచు చిట్లుతుంది. అది కూడా సర్దుకోవచ్చు. 'ధ' కడుపు కింద చిన్న నిలువు గీత ఉంటుంది చూడండి. నార అడ్డంగా ఉన్న పలక మీద ఆ గీతకు నార పొడవు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. పక్కన ఉలి తగిలిందంటే ఎగిరి పడుతుంది. ధర్మవరం కాస్తా దర్మవరం. మళ్లీ కొత్త పలక, మొదటి నుంచి.

మరి ప్రెస్సుల్లో గోడపత్రికలకు పెద్ద పెద్ద చెక్క అక్షరాలు ఉండేవి కదా అంటారేమో. అవి పొడవు పలక మీద చేసినవి కావు. మొద్దును అడ్డంగా కోసిన ముఖం మీద చేసినవి. అక్కడ నారంతా నిటారుగా నిలబడి ఉంటుంది, కత్తి ఎటు తిరిగినా ఒకటే. అలాంటి దిమ్మెలు బడికి ఎవరు తెచ్చిపెడతారు? లినోకి అసలు నారే లేదు. అవిసె నూనె, కార్కు పొడి, చెక్క పొడి, జిగురు కలిపి గోనె గుడ్డ మీద పరిచిన ముద్ద అది. వంపు వచ్చినప్పుడు ఉలి తిప్పకుండా ఎడమచేత్తో పలకను తిప్పుకుంటూ పోతే గుండ్రం దానంతటదే వస్తుంది.

ఇక మీ స్టాఫ్‌రూం ఆయనకు. గచ్చు మీద పరచడానికే పుట్టింది, నిజమే. 1860ల్లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ అందుకే చేశాడు. దండియాత్ర ఏడు, 1930లో, నందలాల్ బోస్ గాంధీని కర్రపట్టుకుని నడుస్తున్నట్టు వేసిన నలుపు తెలుపు బొమ్మ ఉంది కదా, అది లినో. ఆ బొమ్మ కళ కాదని ఆయన్నే చెప్పమనండి.

బురుజు వడ్ల, కర్నూలు

పెద్దాయనా, అక్షరాల మాట ఒప్పుకుంటా. బొమ్మలకేమొచ్చె? పెడన అద్దకం అచ్చులు చూసినారా? అన్నీ చెక్కవే. పూలు, లతలు, హంసలు, అన్నీ వంపులే. ఏ 'ధ' తోకా ఎగిరిపోలే.

పాత ట్రెడిల్, కడప

పెడన అచ్చులు టేకువి నాయనా. టేకు వద్దని పైన నువ్వే రాశావు. పైగా ఆ అచ్చు ఒత్తేది గుడ్డ మీద, కింద మెత్తగా పరుపు వేసిన బల్ల మీద. అచ్చు కాస్త ఎగుడుదిగుడు ఉన్నా గుడ్డ సర్దుకుంటుంది. కాగితం సర్దుకోదు. అన్నిటికీ మించి, అవి చెక్కేవాళ్లు జీవితమంతా అదే పని చేసినవాళ్లు. ఇక్కడ ప్రశ్న ఎనిమిదో తరగతి పిల్లల గురించి.

మామిడి పలక గురించి కూడా ఒక మాట. మన ఎండలకు సరిగ్గా ఆరని మామిడి పలక వారంలో వంకరపోతుంది. అచ్చు తీయడానికి కాగితం వెనక చెంచాతో రుద్దినప్పుడు సిరా మధ్యలో పడుతుంది, అంచుల్లో పడదు. పురుగు కూడా మామిడిని ముందు పడుతుంది. చెక్కే కావాలంటే బాగా ఆరినది తీసుకుని, రెండు కొసలకూ రంగో మైనమో పూసి, నీడలో పెట్టించండి.

రైల్వేకాలనీ టీచరమ్మ, గుంతకల్లు

ఉలి పదును గురించి ఇంత మాట్లాడారు, పిల్లల వేళ్ల గురించి ఒక్కరూ మాట్లాడలేదు. నలభై మంది క్లాసులో నలభై ఉలులు. చెక్క గట్టిది కాబట్టి పిల్లలు బలం పెడతారు, బలం పెట్టినప్పుడే జారుతుంది. నేను మొదట హవాయి చెప్పుల షీటు ఇస్తాను. మొన అరిగిన బాల్ పెన్నుతో గట్టిగా గీస్తే గాడి పడుతుంది, సిరా పూసి ఒత్తుకోవచ్చు. ఎడమ కుడి తారుమారవుతుందన్న సంగతి ఒక్క పీరియడ్లో తలకెక్కుతుంది. ఉలి పట్టాల్సిన పనే లేదు.

ఉలి ఇచ్చే తరగతికి మాత్రం ఒక ఏర్పాటు తప్పనిసరి సార్. పలక పరుచుకునే చిన్న చెక్కకు ఒక అంచున కింద పట్టీ, ఎదురు అంచున పైన పట్టీ కొట్టించండి. కింది పట్టీ బల్ల అంచుకు ఆనుతుంది, పై పట్టీ లినో ముందుకు జారకుండా ఆపుతుంది. పలక పట్టుకునే చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలి. ఇది పాటించని పిల్లల చేతిలోంచి నేను ఉలి తీసేసుకుంటా, ఏడ్చినా ఇవ్వను.

బురుజు వడ్ల, కర్నూలు

చెప్పుల షీటు మీద పెన్నుతో గీసేది చెక్కుడు ఎట్లయితాది మేడం? పట్టీల పలక మాత్రం మంచి మాట. మేము కూడా అట్లాంటిదే వాడతాం.

టవర్‌క్లాక్ డ్రాయింగ్‌సార్, అనంతపురం

చెప్పుల షీటు మొదటి వారానికి పెట్టేసుకున్నాను మేడం, థాంక్స్. ఇంకో చిక్కు. నీటి సిరాతో ఒకసారి చేసి చూశా. రోలర్ నాలుగుసార్లు తిప్పేలోపే గాజు పలక మీద ఆరిపోతోంది. ఏప్రిల్లో ఇంకెలా ఉంటుందో. నూనె సిరా అయితే కడగడం ఎలా? బళ్లో కుళాయికి నీళ్లు వచ్చేదే కష్టం.

చెనిక్కాయల చేను, తాడిపత్రి

అన్నా, నీటి సిరాలో నాలుగు చుక్కలు గ్లిజరిన్ వేసి, ఫ్యాన్ ఆపేసి, పొద్దున్నే చేసుకో, కాస్త ఆగుతుంది. కాగితం కొంచెం తడిపితే ఇంకా మేలు. నన్నడిగితే మాత్రం ఆఫ్‌సెట్ ప్రెస్సులో వాడే నల్ల సిరా తెచ్చుకో. నూనె సిరా, ఎండకు ఆరదు. గట్టిగా ఉంటే రెండు చుక్కలు చెనిక్కాయల నూనె కలుపు, వెన్నలా అవుతుంది. మన జిల్లాలో దానికేం కొదవ!

పాత ట్రెడిల్, కడప

ఆ చెనిక్కాయల నూనె సిరాలో కలపొద్దు సార్. సిరా ఆరేది నీళ్లు ఆవిరై కాదు. అందులోని అవిసె నూనె గాలి పీల్చుకుని గట్టిపడుతుంది, అదే ఆరడం. చెనిక్కాయల నూనెకు ఆ గుణం లేదు. కలిపితే అచ్చు నెలల తరబడి జిడ్డుగానే ఉంటుంది, ఒకదాని మీద ఒకటి పెడితే అంటుకుంటాయి. సిరా పలచబడాలంటే అవిసె నూనే కలపాలి, అదీ చాలా కొంచెం. చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన అచ్చుచిత్రాల కళాకారుడు కృష్ణారెడ్డి గారు ప్యారిస్‌లో పేరు తెచ్చుకున్నది ఈ నూనె పాళ్ల తేడాలతోనే. ఒకే లోహపు పలక మీద చిక్కటి సిరా, పలచటి సిరా వేరువేరుగా పట్టేలా చేసి, ఒక్క అచ్చులో అన్ని రంగులూ తెచ్చారు. ఆయనది లోహపు పలక పద్ధతి, మనది వేరు, కానీ నూనె సంగతి తెలియాలి.

చెనిక్కాయల నూనె పనికొచ్చేది కడగడానికి. పని అయ్యాక ముందు పాత పేపరుతో సిరా తుడిచేయండి. తర్వాత గుడ్డకు కొంచెం ఆ నూనె అద్ది రోలర్, లినో, గాజు తుడవండి, సిరా కరిగి వస్తుంది. చివర సబ్బు నీళ్ల గుడ్డ. నూనె జాడ మిగలకూడదు. ఒక బకెట్ నీళ్లు క్లాసంతటికీ సరిపోతాయి.

ఒక్కటి మాత్రం నిర్లక్ష్యం చేయొద్దు. అవిసె నూనె సిరా తుడిచిన గుడ్డలు ముద్దగా చుట్టి మూలన పడేస్తే లోపల వేడి పుట్టి వాటంతటవే అంటుకోగలవు. మన ఎండాకాలంలో మరీ. విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్లు పోసిన డబ్బాలో వేసి మూతపెట్టండి.

చెనిక్కాయల చేను, తాడిపత్రి

సరే పెద్దాయనా, నూనె వెనక్కి తీసుకున్నా. సిరా పరవడానికి గాజు ఎందుకు, నున్నగా పాలిష్ పట్టిన కడప బండ ముక్క పెట్టుకోమనండి. బరువుగా కదలకుండా ఉంటుంది.

పాత ట్రెడిల్, కడప

మా ఊరి బండకు నేను అడ్డం చెప్పను. కానీ అది నలుపు, దాని మీద నల్ల సిరా ఎంత మందం పరుచుకుందో కనపడదు. గాజు కింద తెల్ల కాగితం పెట్టండి, అంచులకు టేపు వేయండి. అయినా చూపుకన్నా చెవిని నమ్మాలి. రోలర్ తిప్పుతుంటే పచ్‌పచ్‌మని జిగట చప్పుడు వస్తే సిరా ఎక్కువ, సన్న గీతలు పూడిపోతాయి. సన్నగా, సమంగా బుస్‌మంటూ ఉంటే చాలు, అప్పుడు లినో మీదకు తీసుకుపోండి.

రైల్వేకాలనీ టీచరమ్మ, గుంతకల్లు

ఒత్తడం గురించి కూడా. డ్రాయింగ్ షీటు మందం, చెంచాతో ఎంత రుద్దినా మచ్చలు మచ్చలుగానే వస్తుంది. పలచటి చేతి కాగితం వాడండి. స్టీలు గరిటె వెనక వైపుతో మధ్య నుంచి అంచులకు చిన్న చిన్న గుండ్రాలుగా రుద్దాలి. ఒక మూల గట్టిగా అదిమిపట్టి ఎదురు మూల ఎత్తి చూడండి. నలుపు సరిగ్గా పడకపోతే మళ్లీ కిందికి దించి రుద్దొచ్చు, బొమ్మ చెదరదు.

లినో కొనేటప్పుడు జాగ్రత్త సార్. ఫ్లోరింగ్ కొట్లో చూపించే రోల్స్ చాలావరకు పీవీసీ. అసలు లినో వెనక గోనె అల్లిక ఉంటుంది, అవిసె నూనె వాసన వస్తుంది. పీవీసీ మీద కూడా చెక్కొచ్చు కానీ సన్న గీత రబ్బరులా వంగుతుంది.

టవర్‌క్లాక్ డ్రాయింగ్‌సార్, అనంతపురం

లినోనే తెప్పిస్తున్నా. మొదటి వారం చెప్పుల షీటు, తర్వాత పేర్లు లినో మీద. పేరు తిరగేసి రాయడానికి పలచటి కాగితం మీద మెత్తటి పెన్సిల్‌తో రాయించి, బోర్లించి వెనక నుంచి రుద్దిస్తా. చివర్లో అక్షరాలు లేని బొమ్మ ఒకటి, పెద్ద పిల్లలతో చెక్క మీద. కర్నూలు అన్న ఆరిన పలకలు ఇప్పించగలడా? కొరియర్ ఖర్చు నాది.

బురుజు వడ్ల, కర్నూలు

ఇప్పిస్తా సార్. వేప ఉండాది, బాగా ఆరింది, పురుగు తొందరగా ముట్టదు. జానెడు పలకలు కోయించి రెండు పక్కలా చిత్రిక పట్టించి పంపుతా. బొమ్మను నార వెంబడి పడేట్లు గీయించండి, చెట్టో స్తంభమో అయితే నార నిలువుగా పెట్టమనండి. ఉలులు పిల్లలకు ఇచ్చే ముందు ఒక్కోటీ మీరే తోలు మీద సాన పట్టండి, కొత్తగా కొన్నవి కూడా. డబ్బాలోంచి తీసిన ఉలి పదునుగా ఉంటాదనుకోవద్దు. పెద్దాయన లినో అన్నా, నేను చెక్క అన్నా, మొద్దుబారిన ఉలి రెండిటినీ చెడగొడతాది.

పాత ట్రెడిల్, కడప

వేప అయితే నాకూ అభ్యంతరం లేదు. సార్, మీ దగ్గర పాత సామాన్ల కొట్లలో ట్రెడిల్ మెషిన్, అంటే కాలితో తొక్కి నడిపే అచ్చు యంత్రం, తూకానికి కనపడితే వదలొద్దు. అందులో పెట్టే అచ్చు అక్షరాల ఎత్తు (టైపు ఎత్తు) 0.918 అంగుళం, అంటే 23.3 మిల్లీమీటర్లు. 3.2 మిల్లీమీటర్ల లినోను 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు అంటించి, కింద అట్టముక్కలు పెట్టి ఆ ఎత్తుకు తెస్తే సరిపోతుంది. రోలర్లు పాడైనా ఫరవాలేదు, సిరా చేత్తో పట్టించుకోవచ్చు. దొరికితే ఇక్కడే రాయండి, బిగించడానికి నేనే వస్తాను. కడప నుంచి బస్సుకు ఎంతసేపు!