రొయ్యల చెరువు డబ్బాతో విమానం ఎక్కనిస్తారా?

అమలాపురం కుర్రాడు: మా చెరువులో ఆక్సిజన్ తగ్గితే ఫోన్‌కి మెసేజ్ పంపే డబ్బా ఒకటి ఇంట్లోనే తయారు చేశాను. స్టీలు టిఫిన్ బాక్సులో ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, మూడు 18650 లిథియం సెల్స్ (ఛార్జ్ చేసుకునే బ్యాటరీలు), బయటికి వేలాడే ఎర్ర నల్ల వైర్లు. మధురపూడి (రాజమండ్రి విమానాశ్రయం) నుంచి హైదరాబాద్ తీసుకెళ్లాలి, స్కానర్‌లో చూసి బాంబనుకుంటారేమోనని టెన్షన్. చెక్-ఇన్‌లో వేసేయనా?

భీమవరం అన్న: వద్దు తమ్ముడూ, విడి లిథియం సెల్స్ చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ల (బ్యాటరీలో పట్టే శక్తికి కొలత) లోపైతే ఇబ్బంది లేదు, నీ మూడూ కలిపినా 40 దాటవు. సెల్స్ ఊడదీసి కొనలకి టేపు అంటించు, బోర్డు ట్రేలో విడిగా పెట్టు, వాళ్లు అడక్కముందే ఇదేంటో చెప్పేయ్.

పాలకొల్లు మేష్టారు: ముందు ఆ స్టీలు బాక్సు మార్చు బాబూ! ఎక్స్‌రేలో లోపలిది సరిగ్గా కనపడక అనుమానం అక్కడే మొదలవుతుంది. 2007లో బోస్టన్ విమానాశ్రయానికి ఓ ఎంఐటీ విద్యార్థిని స్వెట్‌షర్ట్ మీద వెలిగే ఎల్‌ఈడీ బోర్డుతో వస్తే తుపాకులు పట్టుకుని చుట్టుముట్టి అరెస్టు చేశారు.

అమలాపురం కుర్రాడు: ప్లాస్టిక్ డబ్బా కొంటాను మేష్టారూ. అయినా ఆపేస్తే?

భీమవరం అన్న: వాదించకు, ఆఖరి మాట వాళ్లదే. నన్నడిగితే రాజమండ్రిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కెయ్, తెల్లారేసరికి హైదరాబాద్.