నీటికాసుల రోగికి మందు మానవద్దని ఎలా చెబుతున్నారు?

కొత్త వైద్యురాలు:
నేత్రవైద్యంలో శిక్షణ ముగించి ఏడాది దాటింది. శుక్లం ఆపరేషన్ అయిన మర్నాడు కట్టు విప్పగానే రోగి తానే అక్షరాలు చదివి వినిపిస్తారు కనుక నేను చెప్పవలసింది పెద్దగా ఉండదు. నీటికాసుల (గ్లాకోమా) రోగికి మాత్రం పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్న చూపు నిలవాలంటే ఏళ్ల తరబడి చుక్కలు వేసుకోవాలనీ, వేసుకున్నా చూపు మెరుగైనట్టు అనిపించదనీ ఒక్క భేటీలోనే చెప్పవలసి వస్తోంది. మూడు నెలల తరువాత చూస్తే కొందరు మందు మానేసి ఉంటున్నారు. అనుభవం ఉన్నవారు మీ పద్ధతి తెలియజేయగలరు.

పెద్ద వైద్యుడు:
నేను మొదట విజువల్ ఫీల్డ్ పరీక్ష (చూపు ఎంత మేర ఉందో, ఎక్కడ పోయిందో చూపే పరీక్ష) కాగితాన్ని రోగి చేతికిస్తాను. ఒక కంట్లో పోయిన భాగాన్ని రెండో కన్ను భర్తీ చేస్తుంది, మిగిలిన లోటును మెదడే పూడ్చుకుంటుంది. అందువల్ల దృష్టి నాడి చాలావరకు దెబ్బతినే దాకా రోగికి ఏమీ తెలియదు. కాగితం మీది నల్లని భాగాన్ని చూపి, ఒక్కొక్క కన్ను మూసి చూడమన్నప్పుడు చాలామందికి విషయం బోధపడుతుంది. ఒకసారి మందు మానేసి వచ్చిన రోగిని అందరి ముందూ మందలించాను. ఆయన రెండేళ్లపాటు మళ్లీ రాలేదు. వచ్చేసరికి ఒక కంటి చూపు పూర్తిగా పోయింది. ఆ మందలింపును నేను ఇప్పటికీ క్షమించుకోలేకపోతున్నాను.

గ్లాకోమా క్లినిక్ వైద్యురాలు:
డాక్టరుగారూ, మాటల కంటే ముందు రోగి చేత మీ ఎదుటే చుక్క వేయించి చూడండి. ఈ చుక్కలు తగ్గించవలసిన కంటి లోపలి ఒత్తిడి సాధారణంగా 10 నుంచి 21 మి.మీ. (పాదరసం) మధ్య ఉంటుంది కదా. నా రోగి ఒకరికి 28 నుంచి ఎంతకూ దిగకపోవడంతో రెండో మందు, ఆపైన మూడోదీ రాశాను. చివరికి ఆమె సీసా పట్టుకునే తీరు గమనిస్తే, కీళ్ల నొప్పుల వల్ల వేళ్లు సరిగా నొక్కలేక చుక్కలు చెంప మీదే పడుతున్నాయి. వేరే మందు చేర్చే ముందు ఈ ఒక్క పరీక్ష చేయకపోవడం నా పొరపాటే. రెండు మందులుంటే మధ్య ఐదు నిమిషాలు ఆగాలనీ, చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్క మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచాలనీ చెప్పండి. టిమోలాల్ అనే చుక్కల మందు ముక్కులోకి దిగి రక్తంలో కలిస్తే ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదం కనుక, అటువంటివారికి అసలు దానిని రాయకపోవడమే మేలు. చుక్కలు సాధ్యం కాని కొందరికి లేజర్ చికిత్సతో మొదలుపెట్టడమూ సరైన దారే.

పెద్ద వైద్యుడు:
మరొక మాట. రోగి తోబుట్టువులనూ, పిల్లలనూ పరీక్షకు పిలిపించండి. వారికి ఈ జబ్బు వచ్చే అవకాశం ఇతరుల కంటే ఎక్కువ.

కొత్త వైద్యురాలు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ రోజు ఒక పెద్దాయన చేత నా ఎదుటే సీసా నొక్కించాను. సీసా మూతికి రంధ్రమే పడలేదు. నెల రోజులుగా ఆయన ఉదయం, సాయంత్రం క్రమం తప్పకుండా ఆ సీసాను కంటిపై వంచుతూనే ఉన్నారట.