పెద్దవాళ్ల స్లైడ్లు సావనీర్‌లోకి: ఎవరు ఏ ఫైలు తీసుకుంటారు?

సావనీర్ కమిటీ:
అందరికీ నమస్కారమండీ. ఉగాది మార్చి 19 గురువారం పడింది కాబట్టి మన వేడుక 28వ తేదీ శనివారం పెట్టుకున్నాం. పరాభవ నామ సంవత్సరం సావనీర్ మార్చి 10 లోపు ప్రెస్సుకు వెళ్లాలి.

పోయినేడు ఉగాదికి, ఇక్కడ మెల్‌బోర్న్‌లో పిల్లల దగ్గరికి వచ్చి ఉన్న అమ్మానాన్నలు తమ ఊళ్ల గురించి స్లైడ్లు వేసి మాట్లాడారు గుర్తుందా? ఆ 14 ఫైళ్లూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. వాటిని వ్యాసాలుగా వేద్దామని కమిటీ నిర్ణయం. స్లైడ్లను బొమ్మలుగా అచ్చు వేస్తే అక్షరాలు చీమల్లా ఉంటాయి, తప్పు దిద్దడానికీ వీలుండదు. ప్రతి ఫైలూ వర్డ్ డాక్యుమెంటు కావాలి. ఐదారుగురైనా ముందుకు రండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఉచితంగా మార్చి పెడతామనే ముక్కూ మొహం తెలియని వెబ్‌సైట్లలో ఈ ఫైళ్లు ఎక్కించకండి. వీటిలో మనవల ఫొటోలున్నాయి, రెండింటిలో ఇంటి నంబరుతో సహా అడ్రసుంది, ఒకదాని చివర ఫోన్ నంబరుంది. మనల్ని నమ్మి ఇచ్చారు. మన సంఘం గూగుల్ డ్రైవ్ ఉంది, పని అందులోనే చేద్దాం.

టెక్ టీమ్:
అక్కా, ఫైళ్లన్నీ తెరిచి చూశాను. అన్నిటికీ ఒకే మందు పనిచేయదు.

తొమ్మిదింటిలో ఉన్నది మామూలు యూనికోడ్ తెలుగే, అంటే కాపీ చేసి వేరేచోట పెట్టినా తెలుగుగానే ఉండేది. డ్రైవ్‌లో పెట్టి గూగుల్ స్లైడ్స్‌లో తెరిచి, ఫైల్ మెనూలో డౌన్‌లోడ్ కింద ప్లెయిన్ టెక్స్ట్ ఎంచుకుంటే మాటలన్నీ ఒక్క ఫైల్లోకి దిగుతాయి. వాటిని డాక్స్‌లో పెట్టుకుని పేరాలు సర్ది, వర్డ్ ఫైలుగా దించుకోండి. పవర్‌పాయింట్‌లో అవుట్‌లైన్‌గా సేవ్ చేసే పద్ధతి కూడా ఉంది గానీ, అది స్లైడులో శీర్షిక కోసం, బులెట్ల కోసం ముందే ఉండే పెట్టెల్లోని మాటలనే తీసుకుంటుంది. మన పెద్దవాళ్లకు మనవలు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ టెక్స్ట్ బాక్సు పెట్టి రాసిచ్చారు. అవన్నీ జారిపోతాయి. నిన్న ఒక ఫైలుకు అలా చేస్తే 22 స్లైడ్లకు శీర్షికలే మిగిలాయి.

ఎక్స్‌పోర్ట్‌లో హ్యాండవుట్స్ అని ఇంకొకటి ఉంటుంది. వర్డ్‌లోకే పంపుతుంది, కాకపోతే స్లైడు బొమ్మగానే వెళ్తుంది. కింద నోట్స్‌లో రాసినవి మాత్రం అక్షరాలుగా వస్తాయి. ఈ తొమ్మిదింటిలోనే ముగ్గురు తాము చెప్పాల్సిందంతా నోట్స్‌లోనే రాసుకున్నారు, ఆ మూడింటికి ఇదే దారి.

ఇంకో మూడు ఫైళ్లు పాత డీటీపీ ఫాంట్లలో ఉన్నాయి. తెర మీద చక్కటి తెలుగు కనిపిస్తుంది, కాపీ చేసి వేరేచోట పెడితే ఇంగ్లీషు అక్షరాలూ డాలర్ గుర్తులూ వస్తాయి. చూసి కంగారుపడకండి, ఫైలు పాడవలేదు. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలతో సొంత గది ఉంది. ఆ పాత ఫాంట్లు దాన్ని వాడకుండా, ఇంగ్లీషు అక్షరాలుండే చోట్లలో తెలుగు ఆకారాలు కూర్చాయి. ముందు ఫాంటు పేరు చూసి, దానికి సరిపడే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి తేవాలి. ఈ మూడూ నాకు వదిలేయండి.

మిగిలిన రెండూ టైపు చేసిన కాగితాలను ఫొటో తీసి స్లైడుకు అంటించినవి. ఆ బొమ్మల్ని విడిగా డ్రైవ్‌లో పెట్టి, కుడి క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే కింద అక్షరాలు వస్తాయి. ఫొటో వంకరగా ఉంటే ముందు నిటారుగా తిప్పి, అంచులు కత్తిరించండి.

తెలుగు బడి టీచర్:
తమ్ముడూ, ఆ రెండింటిలో రాజోలు అమ్మగారిది నేను చేశాను. మార్చడం పావుగంట పని. దిద్దడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. వాళ్ల పెరట్లో గాలికి రాలిన మామిడి పిందెలు ఏరుకొచ్చి ఉగాది పచ్చడిలో వేసేవారట. బొమ్మ నుంచి మార్చేసరికి పకారం వకారమైంది, 'విందెలు' అని వచ్చింది. నాకంటే ముందు చూసిన పాప అది తప్పని పట్టుకుని, మంచి మనసుతో 'విందులు' అని దిద్దింది. గాలికి రాలిన మామిడి విందులు! మూలం పక్కన పెట్టుకుని చదివితే గానీ నాకూ తట్టలేదు. 'వేపపువ్వు' మూడు చోట్ల 'వేవపువ్వు' అయింది, 'షడ్రుచులు' లో వత్తు పోయింది.

అందుకని నా మనవి ఏమిటంటే, అర్థం కాని మాట ఎదురైతే ఊహించి దిద్దకండి. పసుపు రంగు పూసి వదలండి. ఒకరు స్లైడు చూస్తూ పైకి చదవండి, ఇంకొకరు డాక్యుమెంటులో వేలు పెట్టి వెంబడించండి. మా బడిలో పెద్ద పిల్లలు ఆరుగురు దీనికి సిద్ధంగా ఉన్నారు.

కొత్త వాలంటీర్:
అక్కా, నాకు కరీంనగర్ పెద్దనాన్నగారి ఫైలు వచ్చింది. ఆయన 'యాపపువ్వు' అనే రాశారు, 'పచ్చడి కుండల కలిపి గిలాసలల్ల పోసుకొని తాగుడే' అని ఉంది. వర్డ్ ఆ మాటల కింద ఎర్ర గీత పెడుతోంది. మార్చాలా?

సావనీర్ కమిటీ:
ఒక్క అక్షరం కూడా మార్చొద్దు తమ్ముడూ. ఆయన రాసినట్టే ఉండాలి. గిలాసలో పోసుకుని తాగే పచ్చడి గురించి ఆయన మాటల్లో చదివితేనే మన పిల్లలకు ఆ ఇల్లు కనిపిస్తుంది. ఎర్ర గీతలు అచ్చులోకి రావు.

టీచర్ గారూ, రాజోలు అమ్మగారు ఇండియా వెళ్లిపోయారు కదా, ఫోన్‌లో చదివి వినిపిద్దాం. మనకు రాత్రి 9 అంటే అక్కడ మధ్యాహ్నం మూడున్నర, భోజనం చేసి తీరిగ్గా ఉంటారు. పసుపు పూసిన మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి, నేనూ లైన్లో ఉంటాను.

తొమ్మిది మామూలు ఫైళ్లలో ఇంకా నాలుగింటికి ఎవరూ లేరు. తీసుకునేవాళ్లు ఊరి పేరు ఇక్కడ రాయండి, ఒకే ఫైలు ఇద్దరు చేయకుండా ఉంటుంది. అసలు ఫైలును కదిలించకుండా కాపీ తీసుకుని పని చేయండి. దిద్దిన దాని పేరులో ఊరు, తేదీ ఉండాలి. అడ్రసులూ ఫోన్ నంబర్లూ డాక్యుమెంటులోంచి తీసేయండి. ఫిబ్రవరి 22 ఆదివారానికి అన్నీ ఫోల్డర్‌లో ఉంటే, ఆ వారమంతా ఒక్కొక్క కుటుంబానికీ పంపి సరే అనిపించుకోవచ్చు.

కొత్త వాలంటీర్:
సరే అక్కా, అలాగే ఉంచుతాను. నర్సీపట్నం, సూర్యాపేట ఫైళ్లు కూడా నాకే రాసుకోండి.