బందరులో నడుస్తున్న జేసీబీ వ్యాపారం, యార్డుతో సహా కొనొచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. పదేళ్ళు మస్కట్‌లో ఎక్స్‌కవేటర్ నడిపి వచ్చేశాను. బందరులో ఒక పెద్దాయన తన మట్టి పని వ్యాపారం మొత్తం అమ్మేస్తానంటున్నారు. రెండు జేసీబీలు, ఒక 20 టన్నుల ప్రొక్లైన్ (చైను మీద నడిచే ఎక్స్‌కవేటర్), మూడు టిప్పర్లు, ఊరి చివర 40 సెంట్ల యార్డు, అందులో షెడ్డు. మొత్తం 2 కోట్ల 10 లక్షలు చెప్తున్నారు. స్థలానికి 90 లక్షలు, బళ్ళకి 80, మిగతా 40 'పేరుకి', అంటే ఆయన పాత గిరాకీకి, అట. పోర్టు వస్తోంది, పనికి లోటుండదంటున్నారు. స్థలం ఉందిగా, పోయేదేముందని ఇంట్లో వాళ్ళ మాట. నాకే టెన్షన్‌గా ఉంది.

టిప్పరు బాబాయ్:
తమ్ముడూ, ముందు ఆ పోర్టు మాట పక్కన పెట్టు. అక్కడ పని పెద్ద కంపెనీ చేతిలో ఉంటుంది. వాళ్ళ కింద సబ్ కాంట్రాక్టరు, అతని కింద ఇంకొకరు, అందరికంటే కింద మన బండి. బిల్లు మన దాకా దిగేసరికి నెలలు పడుతుంది, డీజిల్ మాత్రం ఏ రోజుకారోజు కొట్టించాలి. మన వైపు తిండి పెట్టేవి రొయ్యల చెరువులు, ఇళ్ళ స్థలాల మెరక, కాలువల పూడిక. అవీ ఎక్కువగా ఎండాకాలంలోనే. 2025 ఆగస్టులో మన రొయ్యలు కొనే అమెరికా సుంకాలు 50 శాతానికి పోయినప్పుడు మా చుట్టుపక్కల రైతులు కొత్త చెరువు మాటే ఎత్తలేదు. కాబట్టి ఒక్క మంచి ఏడాది లెక్క చూసి మురిసిపోకు. మూడేళ్ళ జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంటు, డీజిల్ బంకు ఖాతా పక్కపక్కన పెట్టు. జేసీబీకి గంటకి ఐదారు లీటర్లు వేసుకుంటే బళ్ళు నిజంగా ఎన్ని గంటలు తిరిగాయో తేలుతుంది.

ఇక ఆ 40 లక్షలు. నేనూ ఇలాగే ఒకాయన దగ్గర నడుస్తున్న యార్డు కొన్నాను. నెల తిరక్కుండానే ఇద్దరు ఆపరేటర్లు పక్క యార్డుకి పోయారు. రైతులు ఫోన్ చేసేది వాళ్ళకే, ఓనరుకి కాదని నాకు అప్పుడు తెలిసింది! చెరువు గట్టు వాలు కంటిచూపుతో సరిచేసే ఆపరేటరు ఎటు పోతే పని అటే పోతుంది. ముందు ఆ కుర్రాళ్ళతో టీ తాగు, ఉంటారో లేదో కనుక్కో. రొయ్యల పట్టుబడి అయ్యాక ఇస్తామన్న రైతు బాకీలు ఎవరివో కాగితం మీద రాయించుకో.

దస్తావేజుల మాస్టారు:
తమ్ముడు గారూ, స్థలం ఉందిగా అన్న ధీమాతోనే చాలామంది దెబ్బతింటారండి. 30 ఏళ్ళ ఈసీ (స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా), 1బీ (రెవెన్యూ హక్కుల రికార్డు), లింకు దస్తావేజులు (పాత అమ్మకాల కాగితాలు) తీయండి. రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూడండి. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమైతే దాని అమ్మకాన్ని కట్టడి చేసే 1977 చట్టం అడ్డొస్తుంది, ఎన్నేళ్ళ అనుభవం చూపించినా తొందరపడొద్దు. పోటు నీరు వచ్చే కాలువ పక్కనున్నా సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) ఆంక్షలు రావచ్చు. సర్వేయరుతో కొలిపించకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

ఇంకోటి. జీఎస్టీ చట్టం 85వ సెక్షన్ ప్రకారం వ్యాపారాన్ని కొంటే, ఆయన అప్పటిదాకా ఎగ్గొట్టిన పన్ను, వడ్డీ, పెనాల్టీ మీకూ చుట్టుకుంటాయి. ఆడిటరుకి చూపించండి. స్థలం విలువ 50 లక్షలు, ఆపైన అయితే ఆయనకిచ్చే డబ్బులోంచి ఒక శాతం టీడీఎస్ (ఆదాయపు పన్ను) మీరే పట్టుకుని కట్టాలి. టిప్పర్ల మీద పాత చలాన్లు, గనుల శాఖ జరిమానాలు ఉన్నాయేమో, ఆర్సీల్లో ఫైనాన్సు (బండి అప్పు) పేరు ఎత్తేశారో లేదో కూడా చూసుకోండి.

మెకానిక్ అన్న:
మీటరు నమ్మొద్దు బ్రో, అది మార్చేస్తారు. పాత సర్వీసు బిల్లుల మీద గంటలుంటాయి, వాటితో పోల్చు. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్ళి స్టార్ట్ చేయించు. బూమ్ (తవ్వే పెద్ద చెయ్యి) పైకెత్తి ఇంజను ఆపి పావుగంట వదిలెయ్. దిగిపోతుంటే సిలిండర్ సీళ్ళో, వాల్వులో పోయినట్టే. ప్రొక్లైన్‌కి చైను, రోలర్లు, స్ప్రాకెట్లు చూడు, ఖర్చంతా అక్కడే. ఉప్పు నేలలో తిరిగిన బండికి క్యాబిన్ అడుగు, వైరింగ్ కనెక్టర్లు తుప్పు పడతాయి. కొత్త రంగు వేసి ఉంటే ఇంకా అనుమానించు.

ప్రశ్న అడిగినవారు, మూడు వారాల తర్వాత:
అందరికీ థాంక్స్. సర్వేయరు కొలిస్తే పట్టా 31 సెంట్లే, మిగతా 9 కాలువ పోరంబోకు. షెడ్డు సగం అందులోనే ఉంది! ఆ లెక్కన స్థలం 70 లక్షల లోపే అవుతుంది కదా అంటే పెద్దాయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఒప్పుకున్నారు. ప్రొక్లైన్ బూమ్ పావుగంటలో జానెడు దిగింది. టిప్పర్లు వద్దన్నాను, అవసరమైతే అద్దెకి తెచ్చుకుంటాను. పేరుకి 40 కాదు, 15 ఇస్తాను, అదీ ఆయన ఒక ఎండాకాలం నాతో తిరిగి రైతులకి పరిచయం చేశాక, మూడు విడతల్లో అన్నాను. ఆలోచించి చెప్తామన్నారు. పెద్ద ఆపరేటరు మాత్రం ఉంటానన్నాడు, జీతం రెండు వేలు పెంచమన్నాడు.

టిప్పరు బాబాయ్:
ఆ రెండు వేలకి బేరమాడకు తమ్ముడూ. ఇవాళే ఒప్పుకో.