సంక్రాంతి సెలవుల్ల పిల్లల స్కీ క్యాంపు: ఎవరెవరు ఏ పని పట్టుకుంటరు?

కాజీపేట అన్న, మ్యూనిక్: అందరికీ దండాలు. హన్మకొండ నుంచి వచ్చే ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలను, ఇక్కడ మన ఆదివారం తెలుగు క్లాసు పిల్లలను కలిపి జర్మనీ కొండల్ల ఉన్న గార్మిష్‌ల, మంచు మీద జారే స్కీ ఆట నేర్పిద్దామనుకున్నం గదా. ముందు తేదీ తేల్చుదాం. మన మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రం బడులకు 2026 ఫిబ్రవరి 16 నుంచి 20 దాకా ఫాషింగ్ (కార్నివాల్ పండుగ) సెలవులు. అప్పుడు కొండ మీద జనం మేడారం లెక్కుంటరు, రూములు మస్తు పిరం. జనవరి 6 క్రైస్తవుల పండుగ దాటినంక ఇక్కడోళ్లు బడులకు, పనులకు పోతరు, రేట్లు దిగుతయి. అందుకే నా ఓటు సంక్రాంతికే. ఇక్కడి పిల్లలు శని, ఆదివారాలు వచ్చి కలుస్తరు.

హన్మకొండ వదిన: సంక్రాంతే మంచిది. ఫిబ్రవరి అంటే పరీక్షల ముంగట ఏ తల్లీ పంపది. మేడారం జాతర జనవరి 28 నుంచి 31 వరకు, అప్పటికి అందరూ ఇంట్ల ఉండాలె. మా పిల్లగాని ఎత్తు బంగారం మొక్కు ఉన్నది, వాని బరువంత బెల్లం తూచి ఇయ్యాలె.

కాజీపేట అన్న: అయితే తూకం ఎట్లాగూ వేస్తరు గదా వదినా, ఆ బరువే నాకు రాసి పంపుండ్రి. నవ్వులాటకు అంటలేను. స్కీ కిరాయికిచ్చేటోళ్లు పిల్లల బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు చూసి బైండింగ్, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు, బిగిస్తరు. పిల్లలు పడ్డప్పుడు బూటు స్కీ నుంచి ఊడిరావాలె. మావోడు బక్కగున్నడని రెండు కిలోలు కలిపి రాస్తే అది టైముకు ఊడకపోవచ్చు, మోకాలు మెలికపడొచ్చు.

పరకాల తమ్ముడు, మ్యూనిక్: అన్నా, నేను నాలుగేండ్ల సంది స్కీ చేస్తున్న. నేర్పుడు నేను చూసుకుంట. స్కీ స్కూలుకు అన్ని పైసలు ఎందుకు?

కాజీపేట అన్న: నువ్వు బాగ చేస్తవు తమ్మీ, కాదనను. కానీ చేసుడు వేరే, మంచు ఎన్నడూ చూడని పిల్లలకు నేర్పుడు వేరే. ఎంత తగ్గించినా ఈ ఖర్చు తగ్గించేది లేదు. మొదటి రెండు దినాలు పిల్లల వాలు మీదనే, టీచర్ దగ్గరనే. స్కీల ముంగటి కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరం పెట్టి ఆగుడు ముందు రావాలె. అది వస్తేనే నీలం గుర్తు దారి, అంటే అల్కటి దారి. కష్టమైన ఎరుపు, నలుపు దారుల మాట ఈ ఏడు ఎవ్వరూ ఎత్తొద్దు. నీకు వేరే పని ఉన్నది: శనివారం మ్యూనిక్ పిల్లలను రైల్ల తీసుకొచ్చుడు.

పరకాల తమ్ముడు: సరే. ఒక్క బవేరియా రైలు టికెట్ మీద ఐదుగురు పోవచ్చు. మామూలు రోజుల్ల పొద్దున తొమ్మిదింటి సంది చెల్లుతది, మనకు క్లాసు తప్పుతది. శని, ఆదివారాలు ఆ తిప్పలు లేదు.

హన్మకొండ వదిన: వీసా కాగితాల సంగతి చెప్త. చిన్నపిల్లల పాస్‌పోర్టు ఐదేండ్లే. తిరిగొచ్చే తారీఖు దాటి ఇంకో మూడు నెలలు చెల్లాలె. పన్నెండేండ్లు నిండినోళ్లు వేలిముద్రలకు హైదరాబాదుకు పోవాలె. వీసా ఫీజు 90 యూరోలు, ఆరేండ్ల నుంచి పన్నెండు నిండనోళ్లకు 45. తల్లిదండ్రులిద్దరి సంతకంతోని ఒప్పుకోలు పత్రం ఉండాలె. ఇద్దరు పిల్లల నాయనలు దుబాయిల ఉన్నరు. వాళ్ల సంతకాలకు కాన్సులేట్ చుట్టూ తిరుగుడు ఉంటది, ఇయ్యాల్నే ఫోన్ జేస్త.

మడికొండ అక్క, గార్మిష్: ఇన్సూరెన్స్ మర్చిపోవద్దు వదినా. వీసాకు అడిగే 30,000 యూరోల పాలసీల స్కీ ఉండకపోవచ్చు. శీతాకాల ఆటలు, కొండ మీదికెల్లి హెలికాప్టర్‌ల దించుడు రెండూ రాసి ఉన్నయా అని చదివి తీసుకోండ్రి. లేకుంటే హెలికాప్టర్ బిల్లు మనమే కట్టాలె.

బట్టల సంగతి. జీన్సు ప్యాంట్లు, నూలు బనీన్లు వద్దు, తడిస్తే ఆరయి. సాక్సులు రెండు జతలు ఎక్కించొద్దు, రక్తం ఆడక కాళ్లు ఇంకింత చల్లబడుతయి. సన్నటి పొడుగు జత ఒక్కటి చాలు. హెల్మెట్లు, బూట్లు ఇక్కడ కిరాయికి దొరుకుతయి. కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ తప్పదు. కొత్త మంచు మీద పడ్డ అతినీలలోహిత కిరణాలు 80 శాతం దాకా తిరిగి మొఖం మీదికే వస్తయి. చలిల ఎండ ఏంది అంటరు, సాయంత్రం మొఖాలు మాడినంక అడుగుతరు.

హన్మకొండ వదిన: సకినాలు తేవచ్చునా? పండుగకు పిల్లలు ఇంటికాడ ఉండరాయె.

మడికొండ అక్క: డబ్బాలకు డబ్బాలు తే. నెయ్యి, పాలకోవా, మటన్ పచ్చడి మాత్రం వద్దు, మాంసం, పాల సామాను బయటి దేశాలకెల్లి రానియ్యరు. వంట నేను చూసుకుంట. పప్పుచారు, అన్నం, పెరుగు హాస్టల్ కిచెన్ల వండుకోనిస్తరా అని రేపు అడిగి చెప్త.

హన్మకొండ వదిన: అన్నా, త్సుగ్‌స్పిట్జ చూపిస్తవా అని పిల్లలు అడుగుతున్నరు.

కాజీపేట అన్న: జర్మనీల అన్నిటికన్నా ఎత్తు కొండ, 2,962 మీటర్లు. ఆఖరు రోజు ఆకాశం తేటగుంటే కేబుల్ కారుల పోయి చూసి వద్దాం, స్కీ లేకుండ. మబ్బుంటే పైసలు దండుగ, పైన ఏం కనవడది.

పరకాల తమ్ముడు: ఎమర్జెన్సీ నంబర్ 112 ప్రతి పిల్ల జాకెట్ల చీటీ మీద రాసిపెడ్త. రక్తం గ్రూపు, మందుల అలర్జీ వదిన పంపితే అవి గూడ రాస్త.

హన్మకొండ వదిన: ఆదివారం దాకా అన్నీ పంపుత. బూట్లకు పాదం సెంటీమీటర్లల్ల కొలుస్తున్న. ఒక పిల్లకు ఎడమకాలు జరంత పొడుగున్నది, ఏది రాయాలె?

కాజీపేట అన్న: పొడుగుదే రాయి వదినా.